మీరడిగారు: ఒంట్లో నూనెకేం పని?

సంక్రాంతి వెళ్లి నెల తిరగలేదు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం నూనె, నెయ్యి, కొలెస్ట్రాల్ చుట్టూనే ఉన్నాయి. అరిసెలు తినేటప్పుడు లేని భయం రిపోర్టు చేతికొచ్చాక వస్తుంది, ఏం చేస్తాం! కొత్తగా చదివేవాళ్లకి ఒక మాట. నేను డాక్టర్ని కాను. విశాఖలో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో 26 ఏళ్లు బయోకెమిస్ట్రీ బల్ల ముందు నిలబడి రిటైరైనదాన్ని. మందు వేసుకోవాలా మానాలా అన్నది మీ డాక్టరుగారే చెప్పాలి. ఒంట్లో ఏం జరుగుతుందో నాకు తెలిసినంత నేను చెబుతాను.

ప్రశ్న: మా ఆయనకి 52 ఏళ్లు. ఆఫీసువాళ్లు హెల్త్ చెకప్ చేయిస్తే మొత్తం కొలెస్ట్రాల్ 228, ట్రైగ్లిజరైడ్లు 310, హెచ్‌డీఎల్ 38, వీఎల్‌డీఎల్ 62, ఎల్‌డీఎల్ 128 అని వచ్చాయి. "మీ సీరం పాలలా ఉంది, రాత్రి ఏం తిన్నారండీ?" అని ల్యాబ్ అమ్మాయి అడిగిందట. ఇంట్లో నేను నూనె చాలా పొదుపుగా వాడతాను. రక్తం పాలలా అవడమేమిటి? ఇన్ని అక్షరాల్లో దేనికి భయపడాలి?
– ఒక గృహిణి, ఎంవీపీ కాలనీ

ముందు ఆ పాల సంగతి చెబుతాను. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే దాన్ని చూసి నేనూ బెదిరిపోయాను. రక్తం గడ్డకట్టాక ట్యూబుని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే ఎర్రదంతా అడుక్కి దిగి, పైన సీరం తేరుకుంటుంది. మామూలుగా అది లేత పసుపు రంగులో, ట్యూబు వెనక పేపరు పెడితే అక్షరాలు చదవగలిగేంత తేటగా ఉంటుంది. ఆ రోజు నా చేతిలో ట్యూబులో చిక్కటి మజ్జిగలాంటిది ఉంది. శాంపిల్ పాడైందనుకుని పారబోయబోతే మా సీనియర్ మేడమ్ ఆపి, "ఫ్రిజ్‌లో నిలబెట్టి ఇంటికెళ్లు, రేపు చూద్దువుగాని" అన్నారు. మర్నాడు పొద్దున తీసి చూస్తే పైన తెల్లగా మీగడ కట్టి ఉంది. అచ్చం పాల మీద మీగడే. కింద సీరం తేట. ఆ రక్తం ఇచ్చిన పెద్దాయన ముందురోజు రాత్రి బాగా పొద్దుపోయాక పెళ్లి భోజనం చేసి, తెల్లారాక కాఫీ కూడా తాగి వచ్చారని తర్వాత తెలిసింది.

అన్నం, పప్పు పేగుల్లో అరిగాక నేరుగా రక్తంలోకి, అక్కణ్ణుంచి కాలేయానికి వెళ్తాయి. నూనె, నెయ్యి అలా పోలేవు. రక్తంలో ఎక్కువ భాగం నీళ్లే. అందులో నూనెని అలాగే వదిలితే బొట్టుకి బొట్టు అంటుకుని సన్నటి నాళాల్లో అడ్డంపడుతుంది. అందుకని పేగు గోడలోని కణాలు కొవ్వుని సూక్ష్మమైన ఉండలుగా చుట్టి, పైన ప్రొటీన్‌తోనూ, ఫాస్ఫోలిపిడ్లనే మరో రకం కొవ్వుతోనూ ఒక తొడుగు వేస్తాయి. వీటి పేరు కైలోమైక్రాన్లు. ఇవి లింఫ్ నాళాల గుండా పైకి వచ్చి, మెడ కింద ఎడమవైపున రక్తంలో కలుస్తాయి. విందు భోజనం చేసిన మూడు నాలుగు గంటలకి ఎవరి సీరమైనా కొంత మసకబారుతుంది. ఆ మీగడ అదే. 10, 12 గంటలు ఏమీ తినకుండా రమ్మని మేం గొంతు పోయేలా చెప్పేది ఇందుకే.

ఇక అక్షరాలు. ఎల్‌డీఎల్, హెచ్‌డీఎల్ అంటే కొలెస్ట్రాల్‌లో రెండు రకాలనుకుంటారు. కొలెస్ట్రాల్ ఒకటే. అది ఎక్కిన బండ్ల పేర్లు ఇవి. పొద్దున ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి గాజువాక వెళ్లే బస్సులో ఉన్నదీ, సాయంత్రం తిరిగొచ్చే బస్సులో ఉన్నదీ అదే మనిషి కదా. కాలేయం దగ్గర కొవ్వు వేసుకుని బయల్దేరే బండి వీఎల్‌డీఎల్. దారి పొడవునా కండలకీ, కొవ్వు కణాలకీ ట్రైగ్లిజరైడ్లు, అంటే మామూలు నూనె, నెయ్యిలో ఉండే కొవ్వు, దించుకుంటూ పోగా, చివరికి కొలెస్ట్రాల్ ఎక్కువగా మిగిలిన చిన్న బండి ఎల్‌డీఎల్. కణాలకి కావలసినప్పుడు దాన్ని ఒక కొక్కెంతో పట్టుకుని లోపలికి లాక్కుంటాయి. ఆ కొక్కెం సంగతి తేల్చినందుకే బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు అమెరికన్ డాక్టర్లకి 1985లో నోబెల్ వచ్చింది. కొక్కేలు పనిచేయకుండా పుట్టే పిల్లలు ఎక్కడో ఒకరు ఉంటారు, పాపం వాళ్లకి చిన్నతనంలోనే గుండెపోటు వస్తుంది. దిగే చోటు దొరక్క రక్తంలో తిరుగుతూ ఉండిపోయిన ఎల్‌డీఎల్ ధమనుల గోడల్లోకి దూరి అక్కడ పాడవుతుంది. దాన్ని మింగడానికి వచ్చిన తెల్లకణాలు మింగి మింగి అక్కడే చతికిలబడతాయి. పూడిక అలా మొదలవుతుంది. హెచ్‌డీఎల్ తిరుగు బస్సు. మిగిలిపోయిన కొలెస్ట్రాల్‌ని ఎక్కించుకుని కాలేయానికి చేరుస్తుంది. "మంచి కొలెస్ట్రాల్, చెడ్డ కొలెస్ట్రాల్" అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. బస్సుల రద్దీకి ప్రయాణికుణ్ని తిట్టినట్టుంటుంది.

ఇప్పుడు ఒక కాగితం తీసుకోండి. మీ 310ని 5తో భాగిస్తే 62. వీఎల్‌డీఎల్ అదే. 228లోంచి 38నీ 62నీ తీసేస్తే 128. ఎల్‌డీఎల్ అదే. అంటే ఆ రెండింటినీ ఎవరూ కొలవలేదు, లెక్క కట్టారు. 1972 నుంచీ ల్యాబుల్లో వాడుతున్న ఫ్రీడ్‌వాల్డ్ లెక్క ఇది. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే అసలు చెల్లదు. రాత్రి తిన్న తిండి వల్లే 310 వచ్చి ఉంటే, ఎల్‌డీఎల్ ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తోందన్నమాట. కాబట్టి పూర్తి పరగడుపున మళ్లీ పరీక్ష చేయించి, షుగరు, థైరాయిడ్ కూడా చూపించి, అప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

మీరు నూనె పొదుపు అన్నారు. సంతోషం. కానీ కాలేయం కొవ్వు తయారుచేయడానికి కొవ్వే కావాలని లేదమ్మా. ఎక్కువైన అన్నం, చక్కెర, మద్యం అన్నీ అక్కడ ట్రైగ్లిజరైడ్లుగా మారి వీఎల్‌డీఎల్ ఎక్కుతాయి. పరగడుపున కూడా ట్రైగ్లిజరైడ్లు ఎక్కువున్న వాళ్లలో నేను చూసింది నూనె కంటే వీటి పుణ్యమే ఎక్కువ. మీ వంటింటి నూనె లెక్క మీ దగ్గరుంది. క్యాంటీన్ టీల లెక్కా, శనివారం రాత్రి గ్లాసుల లెక్కా ఆయన్ని అడగండి. నేను అడగమన్నానని మాత్రం చెప్పకండి.

ప్రశ్న: వేరుశనగ నూనె డబ్బా మీద "కొలెస్ట్రాల్ లేదు" అని పెద్ద అక్షరాలతో వేశారు. 20 రూపాయలు ఎక్కువైనా అదే కొన్నాను. నిజమేనంటారా?
– రిటైర్డ్ టీచరు, అక్కయ్యపాలెం

నిజమే మాస్టారూ. అరటిపండు మీద "ఎముకలు లేవు" అని రాస్తే ఎంత నిజమో అంత నిజం. చెట్టు నుంచి వచ్చే ఏ నూనెలోనూ లెక్కలోకి వచ్చేంత కొలెస్ట్రాల్ ఉండదు. పక్క డబ్బాలోనూ లేదు, దాని మీద రాయలేదంతే. నూనె మాత్రం నూనే. ఏ డబ్బాదైనా గ్రాముకి 9 కిలోకేలరీలు. అన్నం పప్పుల్లోని పిండిపదార్థం, ప్రొటీన్ అయితే గ్రాముకి 4.

కొలెస్ట్రాల్‌కి ఇంత చెడ్డపేరు వచ్చింది గానీ, అది లేకపోతే మీరు నాకు ఉత్తరం రాసేవారు కాదు. పిత్తాశయంలో రాళ్లుగా దొరికిన దానికి 19వ శతాబ్దం మొదట్లో షెవ్రోల్ అనే ఫ్రెంచి ఆయన గ్రీకులో "గట్టిపడిన పైత్యం" అనిపించే పేరు పెట్టాడు. కొవ్వుల మీదే ఎన్నో ఏళ్లు పనిచేసిన ఆయన 102 ఏళ్లు బతికాడు. తిన్న నూనెని అరిగించే పైత్యరసం కొలెస్ట్రాల్ నుంచే తయారవుతుంది. మగవాళ్ల, ఆడవాళ్ల హార్మోన్లూ, ఒత్తిడిలో ఊరే కార్టిసాలూ దాన్నుంచే. చర్మంలో దాని అన్నదమ్ముడి వరసైన పదార్థం మీద ఎండ పడితే విటమిన్ డి మొదలవుతుంది. మనకి కావలసిన కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం మనమే తయారుచేసుకుంటాం. డబ్బా మీద ఏం రాసినా కాలేయం దాని పని అది చేసుకుపోతుంది.

ప్రశ్న: ఇంటర్ బైపీసీ చదువుతున్నాను. కణత్వచం (కణం చుట్టూ ఉండే పొర) అంటే ఫాస్ఫోలిపిడ్ల రెండు వరసలు అని బట్టీపట్టాను. రెండే ఎందుకు? ఎవరు లెక్కపెట్టారు? క్లాసులో అడిగితే "పరీక్షకి అదక్కర్లేదు" అన్నారు.
– విద్యార్థి, గాజువాక

పరీక్షకి అక్కర్లేదేమో గానీ బాబూ, నాకు ఈ నెలలో వచ్చిన ఉత్తరాలన్నిటిలోనూ నీదే నచ్చింది. లేచి వంటింట్లోకి వెళ్లు. స్టీలు పళ్లెం శుభ్రంగా కడిగి నీళ్లు పోసి, పైన మిరియాల పొడి చల్లు. వేలికి గిన్నెలు తోమే సబ్బు కొంచెం రాసుకుని నీళ్ల మధ్యలో ముట్టుకో. పొడి మొత్తం ఒక్క ఉదుటున అంచులకి పరిగెత్తుతుంది. సబ్బు అణువుకి ఒకవైపు నీళ్లకి చుట్టం, రెండోవైపు కొవ్వు తోక. తల నీళ్లలో పెట్టి, తోక గాల్లోకి ఎత్తి, నీటి మీద క్షణంలో పరుచుకుంటుంది. దాని దెబ్బకే మిరియాలు పారిపోయాయి.

ఫాస్ఫోలిపిడ్ కూడా అదే జాతి. తల ఒకటి, తోకలు రెండు. నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. వాటి మధ్యకి కొవ్వు తోక వస్తే దాన్ని పట్టుకోవడానికి ఏమీ ఉండదు, బయటికి నెట్టేస్తాయి. ఇప్పుడు కణాన్ని తలుచుకో. బయటా నీళ్లే, లోపలా నీళ్లే. తోకలు దాక్కోవాలంటే ఒక్కటే దారి. రెండు వరసలు ఎదురెదురుగా నిలబడి, తలలు రెండు పక్కలా నీళ్లవైపు పెట్టి, తోకలు నాలుగూ మధ్యలో కలుపుకోవాలి. నువ్వడిగిన "రెండే ఎందుకు"కి జవాబు అదే. తాపీ మేస్త్రీ లేడు, సిమెంటు లేదు, నీళ్లు నెట్టే నెట్టుడుకే గోడ లేస్తుంది. చిన్న చిరుగు పడినా తనంతట తనే పూడుకుంటుంది.

ఎవరు లెక్కపెట్టారన్నావు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ లండన్ దగ్గర క్లాఫమ్ చెరువులో ఒక చెంచాడు నూనె పోస్తే అర ఎకరం దాకా అలలు అణిగి అద్దంలా అయిందని 1774లో అచ్చువేశాడు. అర ఎకరం అంటే సుమారు 2,000 చదరపు మీటర్లు. చెంచా 5 మిల్లీలీటర్లు అనుకుని భాగించు. పొర మందం మిల్లీమీటరులో 4 లక్షల వంతు వస్తుంది. ఒక్క అణువు నిలబడితే ఎంతో దాదాపు అంతే. పాపం ఫ్రాంక్లిన్ ఈ భాగహారం చేయలేదు.

తర్వాత వచ్చినావిడ గురించి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. ఆగ్నెస్ పోకెల్స్ అని జర్మనీలో ఒకమ్మాయి. ఆ రోజుల్లో అక్కడ ఆడపిల్లలకి యూనివర్సిటీలో చోటు లేదు. ఇంట్లో వంట, జబ్బుతో ఉన్న తల్లిదండ్రుల సేవ. గిన్నెలు కడిగే నీళ్ల మీద జిడ్డు పొర ఎలా సాగుతుందో, ఎంత నొక్కితే ఎలా మారుతుందో చూసి, ఒక రేకు తొట్టి, ఒక చిన్న త్రాసు, ఒక బొత్తాం పెట్టి కొలిచింది. అలా పదేళ్లు. ఎవరూ పట్టించుకోకపోతే 1891లో ఇంగ్లండ్‌లోని లార్డ్ రేలీ అనే శాస్త్రవేత్తకి ఉత్తరం రాసింది. ఆయన దాన్ని తర్జుమా చేయించి "నేచర్" పత్రికకి పంపి అచ్చువేయించాడు. రోజుకి రెండుపూటలా అంట్లు తోముతూ నేను చూసిన జిడ్డులో ఇంత శాస్త్రం ఉందని ఆవిడ కథ చదివాకే తెలిసింది నాకు.

ఇక అసలు లెక్క. 1925లో హాలండ్‌లో గోర్టర్, గ్రెండెల్ అనే ఇద్దరు ఎర్రరక్తకణాల్లోంచి కొవ్వు మొత్తం తీసి, పోకెల్స్ తొట్టిలాంటి దాంట్లో నీటి మీద ఒకే వరసగా పరిచారు. కణాల ఉపరితల వైశాల్యం ఎంతో దానికి సరిగ్గా రెట్టింపు వచ్చింది. అంటే రెండు వరసలు! తమాషా ఏమిటంటే, వాళ్లు వాడిన అసిటోన్‌తో కొవ్వు పూర్తిగా రాలేదు. కణాల వైశాల్యం కూడా తక్కువ కట్టారు. రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని ఒప్పు మిగిలింది. నా ఉద్యోగంలో నాకు అలాంటి అదృష్టం ఒక్కసారీ పట్టలేదు.

మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అదే 1925లో, అమెరికాలో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతి ప్రకటించారు. ఫాస్ఫోలిపిడ్‌లో ఫాస్ఫరస్ ఉంటుంది కాబట్టి ఒక కణంలో అవి ఎంతున్నాయో కొలవడానికి ఆ పద్ధతి దారిచ్చింది. నేను ల్యాబ్‌లో నేర్చుకున్న మొదటి పరీక్షల్లో అదొకటి. ట్యూబులో నెమ్మదిగా నీలిరంగు తేలుతుంది. నీలం ఎంత ముదిరితే ఫాస్ఫరస్ అంత. మీ సార్‌కి ఇది చెప్పు, పరీక్షకి అక్కర్లేకపోయినా.

ప్రశ్న: మా అమ్మ చేపలమ్ముతుంది. కవళ్లు వేపితే పెనం మీద వాటి నూనే కారుతుంది, చల్లారినా గడ్డకట్టదు. మొన్న జనవరిలో కొబ్బరినూనె సీసా మాత్రం రాయిలా అయింది. రెండూ కొవ్వే కదా?
– ఒక పాఠకుడు, జాలరిపేట

రెండూ ట్రైగ్లిజరైడ్లే. గ్లిజరాల్ అనే చిన్న పిడికి మూడు ఫాటీ యాసిడ్ పుల్లలు గుచ్చినట్టుంటాయి. తేడా ఆ పుల్లల్లో ఉంది. కొబ్బరినూనెలో నూటికి 90 దాకా తిన్నటి పుల్లలు. చీపురు పుల్లలు కట్ట కడితే ఎంత దగ్గరగా ఒదుగుతాయో అలా ఒదిగి, సుమారు 24 డిగ్రీల కింద గడ్డకడతాయి. నెయ్యి పేరుకునేదీ ఇందుకే. కవళ్ల నూనెలో పుల్లలు చాలావరకు వంకర. ద్విబంధం (రెండు కార్బన్ల మధ్య జంట కట్టు) ఉన్న ప్రతిచోటా ఒక వంపు. ఒమేగా-3 అని పేపర్లలో రాస్తారే, వాటిలో ఈపీఏకి అలాంటివి 5, డీహెచ్ఏకి 6. వంకర కట్టెలతో మోపు కడితే సందులు మిగిలిపోతాయి కదా, అవి గడ్డకట్టమన్నా కట్టవు. నీళ్లు చల్లబడ్డా చేప కణాల గోడలు బిగుసుకుపోకుండా ఉండాలంటే ఈ వంకరలు ఉండాల్సిందే. చేప వాటిని ఎక్కువగా తన తిండి నుంచే తెచ్చుకుంటుంది. తయారుచేసేది సముద్రంలోని సూక్ష్మమైన నాచు.

డీహెచ్ఏ మన మెదడులోనూ, కంటి రెటీనాలోనూ దండిగా ఉంటుంది. పెదవాల్తేరులో మా ఇంటికి గంప దించే ఆవిడ ఎప్పుడూ నన్ను దెప్పుతుంది: "ఏటమ్మా, ఎప్పుడూ వంజరవేనా, కవళ్లు ఒంటికి మంచివి, తినాల." ధర నాలుగో వంతు కూడా ఉండదు, కొవ్వు మాత్రం వంజరం కంటే ఎక్కువ. ఆవిడ మాటే రైటు. వేపుడు కంటే పులుసు పెట్టుకో, కారిన నూనె చారులోనే ఉంటుంది. ఒక్కటే చిక్కు. ఆ వంపుల దగ్గరే గాలిలోని ఆక్సిజన్ సులువుగా పట్టుకుంటుంది, అందుకే చేపనూనె తొందరగా కంపు కొడుతుంది. తెచ్చిన రోజే వండుకోమని మీ అమ్మ చెబుతూ ఉంటుందిగా!

ప్రశ్న: మా మనవరాలు 30 వారాలకే పుట్టింది. ఊపిరి అందక ఎగపోస్తుంటే గొట్టంలోంచి ఊపిరితిత్తుల్లోకి తెల్లటి మందు పోశారు. ఇప్పుడు ఇంటికొచ్చింది, 2 కిలోలు దాటింది. ఆ మందు పశువు ఊపిరితిత్తుల నుంచి తీస్తారని ఎవరో అన్నారు. నిజమా? ఏం మందది?
– అమ్మమ్మ, సీతమ్మధార

నిజమేనమ్మా. ఆ మందులు ఎక్కువగా ఆవు లేదా పంది ఊపిరితిత్తుల నుంచి తీస్తారు. దాని పేరు సర్ఫాక్టెంట్. మందు అంటున్నాం గానీ అందులో ముప్పాతిక పైన ఫాస్ఫోలిపిడ్లే, పైన ఆ గాజువాక అబ్బాయికి చెప్పినవే. ఊపిరితిత్తుల్లో కోట్లకొద్దీ గాలిబుడగలు ఉంటాయి. వాటి లోపల పలచని తడి. తడికి ముడుచుకునే గుణం ఉంది. రెండు తడి గాజుపలకలు అంటుకుంటే విడదీయడం ఎంత కష్టమో చూశారుగా. ఆ తడి మీద ఫాస్ఫోలిపిడ్ల పొర పరుచుకుంటే ముడుచుకునే బలం పడిపోతుంది, బుడగ తెరుచుకుని ఉంటుంది. ఈ పొర సరిపడా తయారయ్యేది 34, 35 వారాలు వచ్చాక. మీ బుజ్జిదానికి అంత వ్యవధి లేకపోయింది. ప్రతి ఊపిరీ దానికి మొదటి ఊపిరంత కష్టమైంది.

ఈ పొర లేకపోవడమే కారణమని 1959లో మేరీ ఎలెన్ ఏవరీ అనే డాక్టరమ్మ, మీడ్ అనే ఆయనతో కలిసి చూపించింది. కానీ మందు రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. 1963లో అమెరికా అధ్యక్షుడు కెనెడీ కొడుకు ఇదే జబ్బుతో రెండు రోజులు తిరక్కుండా పోయాడు. అంత పెద్దింటి బిడ్డకీ అప్పుడు ఇచ్చేందుకు ఏమీ లేదు. 1980లో జపాన్‌లో ఫుజివారా బృందం పశువు ఊపిరితిత్తుల నుంచి తీసిన పొరని పసిపిల్లలకి పోసి బతికించింది. మీ మనవరాలి గొంతులో పోసిన ఆ తెల్లటి చెంచాడు అక్కణ్ణుంచి వచ్చింది. పాపని ఇంకా వెచ్చగా ఉంచండి. నెలలు నిండిన పిల్లలకి భుజాల మధ్య వేడి పుట్టించే గోధుమరంగు కొవ్వు ఉంటుంది. ముందు పుట్టినవాళ్లకి అది తక్కువ.

ప్రశ్న: బరువు తగ్గాలని మూడు నెలలుగా నూనె, నెయ్యి, గింజలు అన్నీ పూర్తిగా మానేశాను. 8 కిలోలు తగ్గాను. కానీ ఒళ్లంతా పొలుసులు లేస్తోంది. కొవ్వు వల్ల లాభమేదైనా ఉందా అసలు?
– రిటైర్డ్ ఉద్యోగి, మల్కాపురం

పొలుసులకి కారణాలు చాలా ఉంటాయి, చర్మ డాక్టర్‌కి చూపించండి. కానీ మీరు చేసిన పనిని 1929లో అమెరికాలో బర్ దంపతులు ఎలుకలకి చేశారు. కొవ్వు పూర్తిగా తీసేస్తే వాటి తోకలు పొలుసులు లేచాయి, ఎదుగుదల ఆగింది. లినోలెయిక్, ఆల్ఫా లినోలెనిక్ అనే రెండు ఫాటీ యాసిడ్లు మన ఒంట్లో తయారు కావు, తిండిలో రావాల్సిందే. మొదటిది నువ్వుల్లోనూ, ఆవకాయలో పోసే పప్పునూనెలోనూ బోలెడు. రెండోది అవిసె గింజల్లో, ఆవనూనెలో ఉంటుంది. విటమిన్లలో ఏ, డీ, ఈ, కే పేగుల్లోంచి లోపలికి రావాలంటే వెంట కొంచెం కొవ్వు ఉండాలి. మునగాకుని నూనె చుక్క లేకుండా ఉడికించి తింటే అందులోని, ఒంట్లో విటమిన్ ఏ అయ్యే కెరోటిన్ చాలావరకు వచ్చిన దారినే పోతుంది. నరాల మీద చుట్టి ఉండే తొడుగులో కూడా, నీళ్లు తీసేసి చూస్తే, నూటికి 70 పైనే లిపిడ్లు, అంటే కొవ్వు జాతి పదార్థాలు.

నిల్వ కొవ్వుని కూడా మరీ అంత అసహ్యించుకోకండి. ఒంట్లో 10 కిలోల కొవ్వు అంటే 90,000 కిలోకేలరీలు. ఇదంతా గ్లైకోజెన్ అనే పిండిపదార్థంగా దాచుకుంటే 22 కిలోలు దాటుతుంది. పైగా అది గ్రాముకి మూడు గ్రాముల నీళ్లు పట్టి ఉంచుతుంది. మొత్తం 90 కిలోలు మోసుకుని మల్కాపురం మార్కెట్టుకి వెళ్లాల్సి వచ్చేది మీరు! కొవ్వు నీళ్లని దగ్గరికి రానివ్వదు కాబట్టే అంత చిన్న మూటలో సర్దుకుంది. రేపటి నుంచి పప్పులో ఒక చెంచా నూనెతో పోపు పెట్టించుకోండి. 40 కిలోకేలరీలు, బజారు చివరిదాకా నడిచొస్తే సరి.

ప్రశ్న: బీచ్‌రోడ్డు బజ్జీల నూనె గురించి మా హాస్టల్లో పెద్ద గొడవ. తినొచ్చా?
– విద్యార్థినులు, చినవాల్తేరు

ఒకే నూనెని మళ్లీ మళ్లీ మరిగిస్తే అందులోని వంకర పుల్లలు విరిగి, ఆక్సిజన్‌తో కలిసి రకరకాల పనికిరాని పదార్థాలవుతాయి. వాటన్నిటినీ కలిపి "టోటల్ పోలార్ కాంపౌండ్స్" అంటారు. అవి నూటికి 25 దాటితే ఆ నూనె వాడకూడదని మన దేశంలో 2018 నుంచి నియమం ఉంది. మీ దగ్గర మీటరు ఉండదు కాబట్టి కళ్లతో చూడండి. నూనె నల్లబడి, గరిటె ఎత్తితే తీగలా సాగి, పిండి వేయగానే ఆగకుండా నురగ పొంగి, మంట తగ్గించినా పొగలు వస్తుంటే పక్క బండికి వెళ్లండి. నేనైతే మిరపకాయ బజ్జీ మానలేదు. సాయంత్రం నాలుగున్నరకి, డబ్బా విప్పి బాణలిలో నూనె పోసేటప్పుడే వెళ్లి నిలబడతాను. మొదటి వాయి నాదే.